కందివేరుకు ఇల్లరికం

జహీరాబాద్ వ్యవసాయ ఆఫీసులో ఇచ్చిన నల్లపొడి పొట్లాల సంచీని సైకిలుకు తగిలించి, గురులింగప్ప మొగుడంపల్లిలో దిగాడు. సన్నటి మనిషి. చొక్కా చెమటకు వీపుకంటుకుంది. ఎమర్జెన్సీ పోయిన మరుసటి ఏడు, విత్తనాల కాలం. ఉద్యోగం గ్రామసేవకుడు, కాపురం అదే ఊళ్ళో ఇల్లరికం. రెండుచోట్లా అతని మాట వినే నాథుడు లేడు.

రైతు చెన్నబసప్ప పొట్లం వాసన చూశాడు. "పండ్లు తోముకునేదా ఇది?"

"కాదు పటేలా. దీంట్ల కండ్లకు కనబడని జీవాలున్నయ్. కందివిత్తనానికి పట్టిస్తే, మొలిచినంక వేరు కణాలల్లకు దూరతయ్. అండ్లనే బతుకుతయ్. వేరు తిండి పెడ్తది, ఇవి గాలిలకెల్లి ఎరువు చేసిస్తయ్."

"అంటే నీ లెక్క ఇల్లరికపు అల్లుళ్ళన్నట్టు! ముందుగాల మీ అత్త చేన్ల ఎయ్యి, అటెన్క చూద్దాం."

అందరూ నవ్వారు. గురులింగప్పా నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. అత్త మహాదేవమ్మ ముద్దముద్దకూ నెయ్యి వేస్తుంది, నిజమే. పెత్తనం మాత్రం పూచికపుల్లంత ఇయ్యదు. పెళ్ళయింది మొదలు అతన్ని చేనిగట్టు తొక్కనిచ్చింది లేదు. ఆమె ఒక్క పొట్లం పట్టిస్తే చాలు, జన్మ ధన్యమే. ఆ ఆశతోనే ఊళ్ళోకి రాగానే ముందు ఇంటి అరుగు మీద ఒకటి పెట్టి, బెల్లం నీళ్ళలో కలపాలని గోడకు చెప్పినట్టు చెప్పి వచ్చాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి చాప మీద కందులు నల్లగా ఆరుతున్నాయి! సంతోషంతో చాప పక్కనే చతికిలబడి ఒక గింజ చేతిలోకి తీసుకున్నాడు.

"బెల్లం నీళ్ళు తెర్లుతుంటె పొడి ఏసిన," అంది మహాదేవమ్మ. "మంచిగ ఉడికినంక సల్లార్చి పట్టిచ్చిన."

"ఉడకబెట్టినవా అత్తమ్మా?"

"మరి? అల్లుళ్ళసొంటియని ఊరంత అంటున్నరు గద. ఇంటికొచ్చే అల్లునికి సల్లటిది పెడ్తరా ఎవరన్న?"

లక్షల ప్రాణాలు పాకంలోనే హరీ అన్నాయి. గురులింగప్పకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి.

"మంచిగ చేసినవ్ అత్తమ్మా," అన్నాడు.

"పొద్దుగాల నువ్వు గూడ చేన్లకు రా అల్లుడా."

పైరు మోకాలెత్తు పెరిగాక మహాదేవమ్మ ఒక మొక్క పీకి, వేరునిండా ఉన్న బుడిపెలను వాడవాడా తిప్పి చూపింది. ఆ బుడిపెలు కట్టినవి పొట్లంలోవి కావు, ఆ నేలలోనే ఏనాటి నుంచో ఉన్న జీవాలు. ఎవరూ పిలవకుండానే వేరులో దూరాయి. గురులింగప్ప ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్తే మాత్రం వినేదెవరు గనక!

కంది పూతకొచ్చిన రోజుల్లో ఒక మధ్యాహ్నం, అల్లుడికి అన్నం పెట్టి, కాసేపు నడుం వాల్చిన మహాదేవమ్మ మళ్ళీ లేవలేదు.

దేవుడి గూట్లో ఆ కందిమొక్క ఎండి ఉంది. బుడిపెలు రాలకుండా వేరుకు ఆమె చుట్టిన పాతచీర పీలిక ఇంకా వదులు కాలేదు.