అంబమ్మ పెట్టిన కావలి

చంద్రబండలో నాకు తెలియకుండా ఏ కడుపూ పండలేదు. మంత్రసానిని. ముప్పై ఏళ్ళుగా పిల్లల్ని భూమ్మీదికి తెచ్చిన చేతులు నావి. కడుపు పోవడానికి మందివ్వమని ఎవరొచ్చినా గడప తొక్కనివ్వను, తిట్టి పంపిస్తాను. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. అందుకే అంబమ్మ తన కోడలు హుచ్చమ్మను తెచ్చి నా ఇంట్లో కూర్చోబెట్టింది.

"కొత్త కానూను వచ్చిందంట రంగక్కా, దవాఖానల తీసేస్తరంట. ముగ్గురు పిల్లలకే దీనికి మొకం మొత్తింది, రాయచూరు పోతనంటది. దీని మొగుడు, మా కిష్టప్ప, కాలువ కింద నాట్లకు పోయిండు. నాలుగో నెల పడితే ఇగ తియ్యరంట, అందాంక దీన్ని నీ జిమ్మ చేస్తున్న. నీకంటె మంచి కావలి నాకు యాడ దొరుకుతది?"

నిజం చెప్పొద్దూ, నాకు గర్వమేసింది. బయటికి వెళ్ళినప్పుడల్లా తలుపుకు గొళ్ళెం పెట్టి వెళ్ళాను.

హుచ్చమ్మ ఏడవలేదు, నా కాళ్ళు పట్టుకోలేదు. పట్టుకుని ఉంటే నాకు తేలికయ్యేది, ఏడుపులకు కరిగే రకం కాదు నేను. వెంట తెచ్చుకున్న చంటిదానికి పాలిస్తూ గోడకానుకుని కూర్చుంది. రెండు రోజులు నేనే వాగాను. నా చిన్నకూతురి కథ చెప్పాను. మొగుడు పోయేనాటికి నాకు రెండో నెల. ఇంట్లో గుప్పెడు జొన్నల్లేవు. మా అమ్మే ఏదో వేరు నూరి గిన్నెలో తెచ్చి తాగమంది. నేను ఆ గిన్నె విసిరికొట్టాను. ఆ పిల్లే ఇప్పుడు నాకింత సంకటి పెడుతోంది.

"నువ్వు గూడ గట్లనే ఉంచుకో" అన్నాను.

"నువ్వు గిన్నె ఇసిరికొట్టినప్పుడు నీ తలుపుకు గొళ్ళెం ఎవలు పెట్టిన్రు అవ్వా?" అంది.

"ఎవలు పెడ్తరే? నా అంతట నేనే ఉంచుకున్న."

"మరి నాకెందుకు పెట్టినవ్?"

నోటికొచ్చినట్టు తిట్టాను. సిగ్గులేనిదానా అన్నాను, రాతిగుండెదానా అన్నాను. జొన్నలు విసరబోతే నాకు చెయ్యి ఆడలేదు. ఆ గిన్నె విసిరికొట్టడం ముప్పై ఏళ్ళుగా నేను చెప్పుకుని మురిసిన గొప్ప. ఎవరైనా నన్ను గదిలో పెట్టి బలవంతాన కనేలా చేసి ఉంటే అది నా గొప్పయ్యేదా? ఒళ్ళు మండిపోయింది. దానిమీద కొంత, నామీద ఎక్కువ.

మర్నాడు పొద్దున్నే తలుపు బార్లా తీసి అడిగాను. "ఇప్పుడు గూడ పోతనంటవా?"

"పోత. నాతోని కాదవ్వా. ఒంట్ల సత్తువ లేదు, మనసుల గూడ లేదు."

ఆ కారణం నాకు సరిపోలేదు. ఇప్పటికీ సరిపోలేదు. అయినా చంటిదాన్ని చంకనేసుకుని, హుచ్చమ్మను నేనే రాయచూరు బస్సెక్కించాను.

దవాఖానలో గుమాస్తా మొగుడి వేలిముద్ర కావాలన్నాడు. డాక్టరమ్మ అతన్ని కసురుకుని, ఈడొచ్చిన ఆడదానికి తన ముద్రే చాలంది. హుచ్చమ్మ వేలు నొక్కి లోపలికి వెళ్ళింది. నేను బయట కూర్చుని, పుట్టకుండా పోతున్న ఆ బిడ్డ కోసం ఏడ్చాను. ఎవరు చూస్తే నాకేం?

రెండో రోజు ఊళ్ళో బస్సు దిగి, దొడ్డిదారి పట్టకుండా దాన్ని నడివీధిలోనే నడిపించుకొచ్చాను. అంబమ్మ తన గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"కంచెనే చేను మేసె గద! పాపమని నువ్వే అనకపోతివా?"

"అంటిని. ఇప్పుడు గూడ అంటున్న."

"మరి ఏంది ఇది? ఇగ ఈ ఊర్ల పురుడుకు నిన్నెవలు పిలుస్తరు?"

"పిలవకుండ్రి."

హుచ్చమ్మ బరువంతా నా భుజం మీద పడింది.

"నీకు నచ్చలే, అంబమ్మా. నాకు గూడ నచ్చలే" అన్నాను. "జరుగు. అది పండుకోవాలె."