కుంపటి కన్ను

సృష్టిలో వేడి లేని వస్తువు లేదు. రాయికీ ఉంటుంది, రేకుకీ ఉంటుంది, అధికారి లేచి వెళ్ళిన కుర్చీలో మిగిలిన గుండ్రటి గుర్తుకీ కాసేపు ఉంటుంది. ఈ పరమసత్యాన్ని తెర మీద నలుపు తెలుపుల్లో చూపించి, అందులో కూల్చదగినది ఏదో పైలట్ కన్నా ముందే తేల్చి చెప్పే యంత్రాన్ని నిర్మించిన మహానుభావుడు ఆయుధ పరిశోధనశాల మూడో అంతస్తులో ఉండేవాడు. ఆయన దానికి సహస్రాక్షం అని నామకరణం చేశాడు. ఉన్నది ఒక్క కన్నే. తక్కిన తొమ్మిదివందల తొంభైతొమ్మిదీ ఆయన ఆత్మవిశ్వాసంలో ఉండేవి.

ఆ కన్ను యుద్ధవిమానం కడుపు కింద తగిలించిన పొడవాటి డొల్లలో కూర్చుంటుంది. నేల మీది వేడినంతా గాలించి, ఇది వాహనం, ఇది శత్రువుది అని తనలో తాను తీర్మానించుకుని, పైలట్ ఎదుటి తెర మీద దాని చుట్టూ ఒక చతురస్రం గీస్తుంది. పైలట్ ప్రధాన మీట వేసి ఉంచితే చాలు, సరైన క్షణంలో బాంబును అదే విడుస్తుంది. ఇక పైలట్‌కు మిగిలే పనులు రెండే: విమానం నడపడం, విస్మయం చెందడం.

దీన్ని గాలిలో పరీక్షించవలసిన పైలట్ ఆ నిర్మాతకు స్వయానా తోడల్లుడు. యంత్రం చేసినాయన అక్కను చేసుకున్నాడు, పైలట్ చెల్లెల్ని చేసుకున్నాడు. పెళ్ళయిన కొత్తలో నిర్మాత ఆ ఇంట్లో కేవలం అల్లుడుగారు. పైలట్ వచ్చాక పెద్దల్లుడుగారయ్యాడు. పేరు ముందు పెద్ద అని చేరడం పదోన్నతి అని లోకం అనుకుంటుంది, ఆయనకు మాత్రం అది ఆస్తి పంపకంలా తోచింది. అంతవరకూ ఆయన చెప్పే కిరణాల కబుర్లు నోరు తెరుచుకుని విన్న అత్తగారు, ఆ తరువాత ఆకాశంలో ఏ విమానం చప్పుడైనా సరే మాట మధ్యలో లేచి కిటికీ దగ్గరికి వెళ్ళేది. అది సరుకులు మోసే విమానమని ఆయన ఎన్నిసార్లు చెప్పినా వెళ్ళేది. అప్పటినుంచి తోడల్లుళ్ళ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఆ వేడిని పసిగట్టే శక్తి మాత్రం సహస్రాక్షానికి లేకపోయింది.

గొడవంతా ఒక మీట గురించి. యంత్రం ఎంచినది తప్పయితే, కాదని చెప్పడానికి తన బొటనవేలి కింద ఒక మీట ఉండాలని పైలట్ అడిగాడు. అది నొక్కితే యంత్రం ఆ చతురస్రాన్ని చెరిపేసి మరోటి వెతుక్కోవాలి, తప్పు యంత్రం పద్దులో పడాలి. నిర్మాత ససేమిరా అన్నాడు. ఉన్న ఏర్పాటు ప్రకారం పైలట్‌కు నచ్చకపోతే ప్రధాన మీట కట్టేసుకోవచ్చు. అలా కట్టేస్తే, చూపిన లక్ష్యాన్ని కొట్టలేకపోయాడని పైలట్ పద్దులో వైఫల్యం పడుతుంది. అటువంటివి మూడు పడితే విమానం ఎక్కనివ్వరు. ఆయనకు అప్పటికే రెండు పడ్డాయి. మొదటిసారి ఆ చతురస్రం రన్‌వే మరమ్మతుకు తెచ్చిన తారు కాచే బండి మీద, రెండోసారి వెల్డింగువాళ్ళ తోపుడుబండి మీద వాలింది. రెండు చోట్లా చుట్టూ మనుషులున్నారు. రెండుసార్లూ ఆయన మీట కట్టేశాడు, రెండుసార్లూ పైలట్ విఫలుడని రాశారు.

ఈ బండ్ల వ్యామోహం యంత్రానికి ఎలా పట్టిందో పైలట్లందరికీ తెలుసు. పరీక్షా మైదానంలో లక్ష్యాలుగా నిలిపినవి ఇంజను చచ్చిన పాత లారీలు. వాటికి వేడి ఎలా వస్తుంది? పొదుపరి అయిన నిర్మాత ప్రతి లారీ బానెట్ కింద ఒక బొగ్గుల కుంపటి పెట్టించాడు. ఏళ్ళ తరబడి ఆ కుంపటి లారీల చిత్రాలనే చూపించి యంత్రానికి విద్యాబుద్ధులు చెప్పించాడు. అది శ్రద్ధగా నేర్చుకుంది. చల్లటి చక్రాల మీద వేడి పెట్టె ఉంటే అది శత్రువు. పైలట్లు దాన్ని చాటుగా కుంపటి కన్ను అనేవారు. తోడల్లుడు చాటుగా అనేవాడు కాదు.

ఆఖరి పరీక్షకు ముందు ఆయన మూడో అంతస్తుకు వెళ్ళి, మెడకు మఫ్లరు చుట్టుకోవలసినంత చల్లగా ఉన్న ఆ గదిలో నిలబడే మాట్లాడాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

"నిజం లారీ పరుగెత్తుకుంటూ వస్తుంది అన్నయ్యా. చక్రాలు కాలిపోతూ ఉంటాయి. అది మీ కన్నుకి ఆనదు."

"నా యంత్రానికి నూటికి తొంభైఎనిమిది వచ్చాయి."

"పేపరు మీరే రాసి మీరే దిద్దుకున్నారు కదా. ఆ రెండు మార్కులు ఎక్కడ పోయాయో నాకర్థం కావట్లేదు."

నిర్మాత కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు, నాలుగోది చూపించినవాడి కళ్ళే సరిగా లేవు.

"కాదు మీట పెడితే నువ్వు నొక్కుతావు. నొక్కిన ప్రతిసారీ నా యంత్రం తప్పు చేసిందని రాస్తారు. అదంతా ఎందుకు, నీ తప్పు నీ దగ్గరే ఉండనీ తమ్ముడూ. రెండయ్యాయి. మూడోది కూడా కానీ. నేల మీద తిరిగేవాళ్ళు ఎలా బతుకుతారో నీకూ తెలిసొస్తుంది."

పైలట్ వెళ్ళిపోయాడు. పోతూ పోతూ తలుపు తెరిచే వదిలేశాడు. ఆ గది చల్లదనం పోకూడదని నిర్మాత ఎంత తాపత్రయపడతాడో తెలిసి చేసిన పని అది.

పరీక్ష రోజున మైదానం అంచున, ఆ వైపు గోడ లేని రేకుల షెడ్డులో కుర్చీలు వేశారు. విమానంలోని తెర మీద ఏది కనిపిస్తే అదే ఇక్కడా కనిపించేలా పెద్ద తెర కట్టారు. పైలట్‌తో మాట్లాడటానికి తీగ ఉన్న మైకు, ఆయన మాట అందరికీ వినిపించే స్పీకరు పెట్టారు. నిర్ణాయక సంఘానికి అధ్యక్షుడు మాజీ సేనాని. ఆయన మీసం ఆయన కన్నా ఒక అడుగు ముందు సభలోకి ప్రవేశించేది. ఆ రోజు కుంపట్లు వద్దని, నిజంగా నడిచే లారీలనే లక్ష్యాలుగా పెట్టాలని ఆయనే ఆదేశించాడు. నిర్మాత చిరునవ్వుతో ఒప్పుకున్నాడు. అడ్డు చెబితే భయపడినట్టుంటుంది. డ్రైవర్లు లారీలను మైదానం అంతా తిప్పి, నడిమధ్య నిలిపి, దిగి దూరంగా కందకంలోకి పోయారు.

పెద్దల మనసు చల్లబడటానికి వేడివేడి టీ అవసరమని నిర్మాతకు తోచింది. పరిశోధనశాల క్యాంటీన్ నుంచి చక్రాల టీ బండిని వ్యానులో తెప్పించి, షెడ్డులో అధ్యక్షుడి కుర్చీ పక్కనే నిలబెట్టించాడు. దాని మీద పెద్ద స్టీలు డ్రమ్ము, డ్రమ్ము కింద బొగ్గుల పొయ్యి. వ్యానులో ఎక్కి వచ్చిన బండి కాబట్టి దాని చక్రాలు ఆ ఉదయమంతా తిరగనే లేదు.

విమానం కొండల వెనకనుంచి లేచింది. తెర మీద నేల బూడిదరంగులో పరుచుకుంది. మైదానం మధ్య లారీలు తెల్లగా మెరుస్తున్నాయి, చక్రాలు మరీ తెల్లగా. సహస్రాక్షం వాటివంక చూసింది. ఇవేవో తన ఎరికలోని ప్రాణులు కావని తలచి, చతురస్రాన్ని ముందుకు జరిపింది. మైదానం దాటింది. కంచె దాటింది. చివరకు ఒక తెల్లటి పెట్టె మీద వాలి, ఇల్లు చేరిన పిల్లిలా అక్కడే స్థిరపడింది.

"ఆ గడిలో ఉన్నదేమిటి?" అని అధ్యక్షుడు అడిగాడు.

"శత్రువాహనం సార్" అన్నాడు నిర్మాత.

"దాని పక్కన ఎవరో వరసగా కూర్చున్నారే."

అడుగుతూ అధ్యక్షుడు మీసం సవరించుకున్నాడు. తెర మీద పెట్టె పక్కనున్న తెల్లటి ఆకారం కూడా మొహం దగ్గరికి చెయ్యెత్తింది. ఆయన చెయ్యి దించాడు, అదీ దించింది. అనుమానం తీరక ఎడమ చెయ్యి ఎత్తి చూశాడు. ఆ తరువాత ఆయన ఏ చెయ్యీ కదపలేదు.

స్పీకరులో పైలట్ గొంతు వినిపించింది. సహస్రాక్షం లక్ష్యాన్ని ఎంచుకుందని, తాను ముందుకు వస్తున్నానని, వార్తలు చదివినంత నింపాదిగా చెప్పాడు. విమానానికి వేలాడుతున్నది కాంక్రీటు నింపిన ఉత్తుత్తి బాంబే. అయితే కాంక్రీటు నెత్తిన పడ్డవాడికి ఆ తేడా విచారించే తీరిక ఉండదు.

నిర్మాత మైకు లాక్కుని, వేరే లక్ష్యానికి మార్చమన్నాడు.

"మార్చే మీట లేదన్నయ్యా."

"అయితే ప్రధాన మీట కట్టెయ్."

"కడితే నా తప్పవుతుంది. మూడోది. మీరే కదా లెక్క చెప్పారు."

టీ పోసేవాడు అప్పటికే గ్లాసులు వదిలేసి కంచె వైపు పరుగు తీశాడు. సంఘ సభ్యులు లేవాలా, లేస్తే అధ్యక్షుడి కన్నా ముందు లేచినట్టవుతుందా అని కుర్చీల్లో సగం సగం లేచి ఆగిపోయారు. నిర్మాతకు అప్పుడొక మహత్తర వ్యూహం స్ఫురించింది. ఒక చేత్తో మైకు పట్టుకుని, రెండో చేత్తో టీ బండిని షెడ్డు బయటికి తోయసాగాడు. తెర మీద చతురస్రం కూడా కదిలింది. బండిని వదలకుండా, దాన్ని తోస్తున్న తెల్లటి మనిషిని కూడా ఒద్దికగా కలుపుకుని, వెంట వచ్చింది. అంతటి విధేయతను ఆయనే దానికి నేర్పాడు. షెడ్డు గుమ్మం దగ్గర మైకు తీగ అయిపోయింది. బండిని తోయాలంటే మైకు వదలాలి, మాట్లాడాలంటే బండి వదలాలి. కుడితిలో పడ్డ ఎలుకకు కూడా ఒడ్డు అని ఒకటి కనిపిస్తుంది. విమానం మోత ముందు రేకుల్లో, ఆ తరువాత ఆయన పళ్ళలో మోగింది.

"తమ్ముడూ, వద్దు."

"ఏది వద్దో వివరంగా చెప్పండి. రికార్డవుతోంది."

"అది లక్ష్యం కాదు." ఆయన బండి వదిలి మైకును రెండు చేతులా పట్టుకున్నాడు. "అది టీ బండి. యంత్రం తప్పు చూసింది. వద్దు."

"అందింది" అన్నాడు పైలట్.

విమానం షెడ్డు మీదుగా దూసుకుపోయింది. గ్లాసులు గలగలమన్నాయి. ఏమీ పడలేదు. అధ్యక్షుడు లేచి, బట్టలు సవరించుకుని, ఎవరి మొహమూ చూడకుండా కారెక్కాడు. ఆ టీ ఎవరూ తాగలేదు.

నిర్మాత ఇంటికి పోలేదు, చల్లగదికి పోయాడు. యంత్రం నిర్దోషి అని నిరూపించే ఒక్క చిత్రమైనా దొరుకుతుందని ఆ రికార్డును ముందుకూ వెనక్కూ తిప్పి చూశాడు. దొరకలేదు. మరొకటి దొరికింది. తెర కింద ఎడమ మూలన, ప్రధాన మీట ఉన్న స్థితిని తెలిపే చిన్న అక్షరాలుంటాయి. మొదటి చిత్రం నుంచి చివరిదాకా అక్కడ 'సేఫ్' అనే ఉంది. పైలట్ ఆ మీట వేయనే లేదు. ఆ అక్షరాలు ఆ ఉదయం షెడ్డులోని పెద్ద తెర మీద అందరి ఎదుటా వెలుగుతూనే ఉన్నాయి. తన చుట్టూ గీసిన చతురస్రాన్ని చూస్తున్నవాడెవడూ మూలవైపు చూడడు. ఎక్కడ చూడాలో విమానాలకు నేర్పిన మహానుభావుడు కూడా చూడలేదు.

తనచేత బండి తోయించి, నోరు తెరిపించి, ఆ మాట అనిపించింది నిప్పులేని పొగ. సిగ్గు కాసేపే ఉంది. ఆ తరువాత లోపల ఒక సంతోషం మెల్లగా రాజుకుంది. పరీక్షలో మీట వేయకపోవడం కూడా వైఫల్యమే. మూడోది. రుజువు చేతిలో ఉంది. ఇబ్బందల్లా ఒకటే, ఆ మూల చూపించాలంటే తెరంతా చూపించాలి. తాను టీ బండి తోస్తున్న దృశ్యాన్ని సంఘం ముందు మరోసారి ఆడించాలి. భార్య ఈ సంగతి విని, ఊరుకుంటే ఇద్దరి పరువూ నిలుస్తుందని, చెల్లెలి మొహం ఎలా చూడమంటారని నచ్చజెప్పింది. ఆయన అంతా విని, చొక్కా ఇస్త్రీ చేయించుకుని బయలుదేరాడు.

సంఘం ఆ రికార్డును మళ్ళీ చూసింది. అధ్యక్షుడు తెల్లటి తన రూపం చెయ్యెత్తి దించడం మళ్ళీ చూశాడు. పైలట్‌ను పిలిపించి, మీట ఎందుకు వేయలేదని అడిగితే, మనుషులు కూర్చున్న వైపు ఎగిరేటప్పుడు వేసే అలవాటు లేదన్నాడు. మరి పెద్దలను అంతసేపు ఎందుకు హడలెత్తించావని అడిగారు.

"కాదనే మాట యంత్రంలో లేదు. చేసినాయన దగ్గరైనా ఉందేమో చూద్దామని" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. నియమం నియమమే, పైలట్‌ను విమానం ఎక్కనివ్వరాదని తీర్మానించారు. సహస్రాక్షాన్ని వెనక్కి పంపుతూ, దానికి కాదు మీట అమర్చి తీసుకురమ్మన్నారు. ఆ మీట ఎలా ఉండాలో చెప్పడానికి ఎగిరిన అనుభవం ఉండి, ఎగిరే పని లేని మనిషి కావాలి. అటువంటివాడిని సంఘం ఆ పూటే స్వయంగా తయారుచేసింది.

ఆ విధంగా చిన్నల్లుడు మూడో అంతస్తుకు వచ్చి పడ్డాడు. నిర్మాత బల్లకు ఎదురుగా మరో బల్ల వేశారు. పైన విమానం పోయినప్పుడల్లా అతను చేస్తున్న పని ఆపి, ఆ చప్పుడు పూర్తిగా పోయేదాకా కప్పు వంక చూసేవాడు. ఏ రకం విమానమో, ఎవరు నడుపుతున్నారో కూడా అతనికి తెలిసిపోయేది కాబోలు, ఒక్కోసారి పెదవులు కదిలేవి. అప్పుడు నిర్మాత కాగితాల్లోకి తల దించుకునేవాడు. అది సంతోషమో మరొకటో ఆయన ఎన్నడూ తేల్చుకోలేదు.

మొదటి నమూనా తయారైంది. నిర్మాత దాన్ని బల్ల మీద ముందుకు తోశాడు. మాజీ పైలట్ బొటనవేలు ఆనించి నొక్కాడు. దిగలేదు. గోరు తెల్లబడేదాకా నొక్కితే టక్కుమంది.

"గట్టిగా ఉంది."

"కాదనడం తేలిగ్గా ఉండకూడదు తమ్ముడూ."

"అనుభవం మీద చెబుతున్నారా అన్నయ్యా?"

నిర్మాత మీటను వెనక్కి తీసుకుని, మరలు విప్పి, స్ప్రింగు మార్చడం మొదలుపెట్టాడు. ఇంకా గట్టిది పెడుతున్నాడో, మెత్తటిది పెడుతున్నాడో ఎదుటివాడికి కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.