వాయిదా కట్టని ఇంటి తలుపు

నేను ఒక తలుపును. అంతకుముందు పడవను. తుఫాను నన్ను రాళ్ళకేసి బాది చీల్చేసింది. మిగిలిన చెక్కల్ని వడ్రంగి రంపంతో కోసి, మేకులు దిగ్గొట్టి ఈ రూపానికి తెచ్చాడు. దెబ్బలు నాకు కొత్త కాదు. కాకపోతే సముద్రం కొట్టేటప్పుడు 'ఏమనుకోకు' అనదు. మనుషులు అంటారు.

ఆ పడవ కాసులమ్మ మొగుడిది. అతను తిరిగి రాలేదు, నేను వచ్చాను. అందుకే నన్ను తన గుమ్మానికి బిగించుకుంది. చేపలమ్ముకుని బతికే మనిషి. చేపలు తోమి, ఐసులో నాని వేళ్ళ గీతలన్నీ అరిగిపోయాయి. వితంతు పింఛను ఇచ్చే మెషినుకి ఆమె కుడి బొటనవేలు ఒక్కటే పడుతుంది. దానికి రోజూ కొబ్బరినూనె రాసేది, చేప కోసేటప్పుడు గుడ్డ చుట్టేది. మొగుడికి కూడా అంత సేవ చేసి ఉండదు.

ఐసుపెట్టె కోసం ఆడవాళ్ళ గ్రూపులో అప్పు తీసుకుంది. ఆ గ్రూపు పద్ధతి ఏమిటంటే, ఒకరు వాయిదా కట్టకపోతే మిగతావాళ్ళు కట్టాలి. కట్టేదాకా ఫైనాన్సు అబ్బాయి చాప మీంచి లేవడు, ఎవరినీ లేవనివ్వడు. ఎవరి మీదా చెయ్యెత్తడు పాపం, పెద్ద మర్యాదస్తుడు! "మీలో మీరు చూసుకోండమ్మా" అని ఫోను చూసుకుంటూ కూర్చుంటాడు.

వేట నిషేధం రోజులొచ్చాయి. చేపల్లేవు, కాసులమ్మ వాయిదా తప్పింది. గ్రూపు లీడరు బంగారమ్మ అందరినీ వెంటేసుకుని, నన్ను ఊడబెరికి అమ్మి వాయిదా కట్టేద్దామని గునపంతో మా గుమ్మంలోకొచ్చింది. పక్కింటి మనిషే.

"ఒకటో తారీకు పింఛను వత్తాది కదొదినా, రాగానే కట్టేత్తాను."

"అందాకా నీది మేం కట్టాలేటే? మా పిల్లలు మన్ను తింటారా?"

జుట్టు పట్టి ఈడ్చారు. గోడకేసి కొట్టారు. జాకెట్టు చిరిగింది. అయినా కాసులమ్మ లేచొచ్చి నా అంచు పట్టుకుని వేలాడింది. బంగారమ్మ నన్ను గుమ్మానికి బిగించిన ఇనుప బందు కింద గునపం పెట్టి బలంగా ఎత్తింది. నేను ఒరిగి ద్వారబంధానికి కొట్టుకున్నాను. మధ్యలో ఆమె కుడి బొటనవేలు. ఎముక చిట్లిన చప్పుడు విన్నాను. గునపం వాళ్ళది, బరువు నాది. ఛీ, నా బతుకు!

"నా యేలు! ఓలమ్మో, నా యేలు!" అని అరిచింది. తలుపు సంగతే ఎత్తలేదు.

"ఏమనుకోకొదినా" అంది బంగారమ్మ. నెత్తురు తుడవకుండానే నన్ను మోసుకెళ్ళారు.

పడవ చెక్క తలుపుని కొనేవాడెవడు? బంగారమ్మ పెరట్లో పడేశారు. గ్రూపు మీటింగుకి నా మీదే కూర్చోవడం మొదలెట్టారు. ఒకటో తారీకున కాసులమ్మ వేలు మెషినుకి పడలేదు. "వేలు మాని కట్టు విప్పాక కాకినాడెళ్ళి ఆధారు మార్పించుకో అమ్మా" అని పింఛనిచ్చే అమ్మాయి వెళ్ళిపోయింది. దేన్ని నమ్ముకుని గడువడిగిందో ఆ డబ్బు రాకుండా వీళ్ళే చేసుకున్నారు. మళ్ళీ ఆమె వాయిదా అందరి నెత్తినా పడింది. ఆ బరువుకి ఈసారి తప్పింది బంగారమ్మే.

"మీలో మీరు చూసుకోండమ్మా" అన్నాడు అబ్బాయి.

అందరూ లేచారు. నిన్నటిదాకా వదినా, అక్కా అన్నవాళ్ళే బంగారమ్మను కొంగు పట్టి లాగి కింద పడేశారు. మొహం పగిలింది. గునపం కాసులమ్మ చేతికిచ్చారు, నువ్వూ గ్రూపులో మనిషివేగా అని. కుడిచేతికి పట్టు చిక్కలేదు, ఎడమచేత్తో పట్టుకుంది. బంగారమ్మ పాక్కుంటూ వెళ్ళి తన తలుపు అంచు గట్టిగా పట్టుకుంది.

కాసులమ్మ గునపం బందు కింద పెట్టి ఆగింది.

"సెయ్యి తీసెయ్యొదినా. యేలు నలిగిపోద్ది. నీకూ పింఛనుంది."

బంగారమ్మ చెయ్యి తీసేసింది. కాసులమ్మ గునపం ఎత్తింది.

ఇప్పుడు పెరట్లో నా పక్కన ఇంకో తలుపు పడి ఉంది. మీటింగుకి అందరికీ చోటు సరిపోతోంది.