కళ్ళజోళ్ళ కొట్లో చావని రాక్షసుడు

నేను ఒక పాచికను. పాచిక అనగానే ఆరు పక్కల ముక్కను ఊహించుకోకండి, నాకు ఇరవై ముఖాలు. ఒకటి నుంచి ఇరవై దాకా ఒక్కో ముఖం మీద ఒక్కో అంకె. ఉన్న ఒక్క ముఖాన్నే ఇంట్లో ఒకలా, కొట్లో ఒకలా పెట్టుకునే మనుషుల మధ్య బతుకుతున్నాను కాబట్టి ఈ విషయంలో నాకు కాస్త గర్వం ఉన్న మాట నిజమే. నేను ఏ ముఖం చూపించినా అందరికీ ఒకేసారి చూపిస్తాను. చూపించనిస్తే.

పుట్టింది సముద్రం అవతల ఏదో కర్మాగారంలో. ఎర్ర ప్లాస్టిక్కు కరిగించి అచ్చులో పోశారు, అంకెల గుంటల్లో తెల్లరంగు నింపారు, చిన్న సంచిలో వేసి ఓడ ఎక్కించారు. నన్ను మొదట కొన్నవాడు హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం చేసే కుర్రాడు. నాతో ఆడేది కథలాట. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్ళు అందులో తలా ఒక వీరుడో మంత్రగాడో అవుతారు. కత్తి తగిలిందా లేదా, గోడ దూకాడా పడ్డాడా అని అనుమానం వచ్చినప్పుడల్లా నన్ను దొర్లిస్తారు. పెద్ద అంకె పడితే పని అయినట్టు, చిన్నది పడితే కాలు విరిగినట్టు. ఆ కుర్రాడూ, అతని స్నేహితులూ ఏడాది పొడుగునా "ఈ శనివారం కుదరదు, వచ్చే శనివారం చూద్దాం" అని ఫోన్లలో చెప్పుకుంటూనే గడిపేశారు. ఈ ఆటలో అన్నిటికంటే పెద్ద గండం అందరికీ ఒకే రోజు తీరిక దొరకడం. వాళ్ళు ఆ గండమే దాటలేకపోయారు, నన్ను ఒక్కసారీ దొర్లించలేదు.

ఒకసారి వాడు పెళ్ళికని కాకినాడ వచ్చి, కళ్ళజోడు విరగ్గొట్టుకుని, బాగుచేయించడానికి పేర్రాజు గారి కొట్టుకు వెళ్ళాడు. జేబులోంచి డబ్బులు తీస్తూ నన్ను బల్ల మీద మరిచిపోయాడు. పేర్రాజు గారు పనిగట్టుకుని ఫోన్ చేస్తే, "మీరే ఉంచేసుకోండంకుల్" అని నన్నూ వదిలించుకున్నాడు, ఆట పుస్తకాన్నీ పార్సిల్లో పంపి వదిలించుకున్నాడు.

పేర్రాజు గారికి భార్య పోయి అప్పటికి కొంతకాలమైంది. మిగతా రోజులు కళ్ళు పరీక్షించడంతో గడిచిపోయేవి. ఆదివారం మాత్రం మూసిన కొట్లో ఒక్కరే కూర్చుని, శుభ్రంగా ఉన్న అద్దాలనే మళ్ళీ తుడుస్తూ ఉండేవారు. ఆ పుస్తకం చదివాక ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. తన దగ్గర కళ్ళజోళ్ళు చేయించుకున్నవాళ్ళలో ముగ్గుర్ని పట్టుకున్నారు. రిటైరైన హెడ్ నర్సు అచ్యుతాంబ గారు విలుకత్తె అయ్యారు. బియ్యం మిల్లు సూపర్వైజరు నూకరాజు మంత్రపు కత్తి ఉన్న వీరుడయ్యాడు. సోషల్ చెప్పే ఇమ్మానుయేలు మాస్టారు మంత్రగాడయ్యారు. ధూమకేశుడనే రాక్షసుణ్ణి చంపి రాజ్యాన్ని కాపాడడం వాళ్ళ పని. పుస్తకం ప్రకారం అది ఒక వేసవిలో అయిపోవలసిన కథ. నా అంచులు అరిగి గుండ్రబడుతున్నా ధూమకేశుడు మాత్రం నిక్షేపంగా ఉన్నాడు.

ఎందుకున్నాడో నాకు తెలుసు. కథ నడిపేవారు తాము వేసిన అంకె కనబడకుండా ముందు ఒక అడ్డు పెట్టుకోవడం ఈ ఆటలో ఆచారం. పేర్రాజు గారు కళ్ళు పరీక్షించే అట్టను పెట్టుకున్నారు. రాక్షసుడి వంతున నేను ఆ అక్షరాల వెనక రెండు పడితే ఆయన "పద్దెనిమిదండి" అనేవారు. రాక్షసుడు తప్పించుకునేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. నిజం చెప్పడం తప్ప వేరే పని లేనిదాన్ని నేను, నా నోటి మాటనే మార్చేస్తే ఎలా ఉంటుంది చెప్పండి?

అబద్ధంతో పని జరగనప్పుడు ఆయన కథలోనే రాక్షసుడి చేత భోజనం పెట్టించేవారు. ముగ్గురూ గుహలోకి దూసుకెళ్ళి కత్తులెత్తగానే ధూమకేశుడు ఆయన గొంతుతో, "ఎండన పడొచ్చేరు, ముందు కాళ్ళు కడుక్కోండి. పనసపొట్టు కూర చేయించేను" అనేవాడు.

"వొడ్డించేశాక కాదంటే బావోదండి" అనేవారు అచ్యుతాంబ గారు.

తినేవారు. తిన్నాక, అన్నం పెట్టినవాడి మీద చెయ్యెలా ఎత్తుతామని మొహమాటపడి, మళ్ళీ వస్తామండి అని చెప్పి వచ్చేసేవారు. రాక్షసుడు గుహ ద్వారం దాకా వచ్చి సాగనంపేవాడు. మరే దేశంలోనైనా ఈ ఆట ఇలా ఆడుతారా అని నా అనుమానం.

చివరికి ఓపిక నశించింది ఇమ్మానుయేలు మాస్టారికి. ఆయన భార్య రూతమ్మ గారు ప్రతి ఆదివారం ఆయన చెప్పులు విప్పకముందే, "చచ్చేడా వాడు?" అని అడుగుతున్నారట.

"ఇవాళ ఎవరూ మెతుకు ముట్టడానికి వీల్లేదు. తేలిపోవాలంతే. లేపోతే వచ్చే వారం నుంచి నేను రానండి" అన్నారు మాస్టారు కుర్చీలో కూర్చుంటూనే.

పేర్రాజు గారు నన్ను గుప్పిట్లో అటూ ఇటూ తిప్పుతూ ధూమకేశుడి చేత వంటలు మొదలెట్టించారు. గుహలో పులిహోర వాసన వచ్చింది, ఎవరూ తల తిప్పలేదు. గారెలు వచ్చాయి. నూకరాజు గుటక వేశాడు కానీ నిలదొక్కుకున్నాడు. మాస్టారు లేచి నిలబడి అగ్నిమంత్రం వేశారు. రాక్షసుడు తప్పించుకోవాలంటే నేను పెద్ద అంకె పడాలి. అట్ట వెనక దొర్లాను. ఒకటి పడ్డాను.

"పంతొమ్మిదండి" అన్నారు పేర్రాజు గారు.

సరిగ్గా అప్పుడు టేబుల్ ఫ్యాను ఇటు తిరిగింది. అట్ట బోర్లా పడింది. పెళ్ళిపీటల మీది పెళ్ళికూతురిలా నేను అందరి కళ్ళూ నా మీదే ఉండగా కూర్చున్నాను, నెత్తిన ఒకటి పెట్టుకుని.

పేర్రాజు గారు తల వంచుకుని, "వాడు పోతే కథైపోద్ది కదండీ. కథైపోయేక మీరింకెందుకొస్తారు ఈ కొట్టుకి?" అన్నారు.

ఇన్నాళ్ళూ ఆయన మీద పెట్టుకున్న కోపమంతా నాకు ఆ ఒక్క మాటతో పోయింది.

"ఆయ్, మాకు తెలీదనుకున్నారేంటండీ?" అన్నారు అచ్యుతాంబ గారు. "వార్డులో ఎంతమంది మొహాలు చూసేను నేను! మీరు అబద్ధమాడితే చెవులెర్రబడతాయి. ఈ నూకరాజు మాత్రం? తన కత్తికున్న మంత్రబలం లెక్కలో కలపడం ఎప్పుడో మానేశాడు. కలిపుంటే ఆ రాక్షసుడు ముందటేడే పోయేవాడు."

నూకరాజు గోడ కేసి చూస్తూ, "మర్చిపోతన్నానండి" అన్నాడు.

ఇమ్మానుయేలు మాస్టారు ముగ్గుర్నీ మార్చి మార్చి చూశారు. "అంటే ఇన్నాళ్ళూ నిజంగా యుద్ధం చేసినోణ్ణి నేనొక్కణ్ణేనా?"

అయినా ఒకటి ఒకటే. ధూమకేశుడు చనిపోయాడు. చంపినవాళ్ళే ఆ చావును వర్ణించాలని వాళ్ళ కట్టుబాటు. మాస్టారు "మంటల్లో..." అని మొదలుపెట్టి, జోడు తీసి తుడుచుకుని, "మంచోడండి, కూరలు బా చేయించేవోడు" అని కూర్చుండిపోయారు. నన్ను పాత కళ్ళజోడు పెట్టెలో పెట్టి మూశారు.

ఆ వారం ఆ పెట్టెలో ఎలా గడిచిందో నాకే తెలుసు. ఆదివారం మధ్యాహ్నం పేర్రాజు గారు అద్దాలు తుడుస్తున్న చప్పుడు వినిపించింది. తరవాత తలుపు చప్పుడు. నూకరాజు, జోడు ముక్కు మీద నిలవడం లేదట. ఇంకాసేపటికి అచ్యుతాంబ గారు, కమ్మీ వదులైందట. ఏ జోడుకూ ఏ రోగమూ లేదు. అయినా పేర్రాజు గారు వాటి మరలు విప్పి, మళ్ళీ అవే మరలు బిగించి ఇచ్చారు.

ఆఖరున మాస్టారొచ్చారు. జోడు బాగోలేదని వంక చెప్పడం కూడా మరిచిపోయి, గుమ్మంలోంచే అనేశారు.

"రూతమ్మ నన్నింట్లో ఉండనివ్వట్లేదండి. చచ్చినోడికి ఓ బామ్మర్దైనా ఉండుంటాడు, ఎళ్ళి కనుక్కోమంది."

పేర్రాజు గారు నా పెట్టె మూత తీశారు. అట్టను మాత్రం గోడకే తగిలించి ఉంచారు.

"ఉన్నాడండి. కానీ బావకంటే భోజనప్రియుడు" అన్నారు.

నన్ను అందరి ఎదురుగా, అడ్డేమీ లేకుండా బల్ల మీద దొర్లించారు. నా బతుకులో మొదటిసారి పేర్రాజు గారి చేతిలోంచి బాహాటంగా పడ్డాను, అదీ ఇరవై. ఒక్కరూ చూడలేదు. బామ్మర్ది ఇంట్లో గుత్తొంకాయా, పనసపొట్టా అని అప్పటికే తగువు మొదలైపోయింది.