దొంగగాలి

"ఆపండి! ఆపండి! పేలిపోయేలా ఉంది!" అంటూ రొట్టెలావిడ చెవులు మూసుకుంది.

వ్యాను ఇంజను గొంతు చించుకుంటోంది. యాక్సిలరేటరు మీద ఎవరి కాలూ లేదు. అయినా దయ్యం పట్టినట్టు పైకి లేస్తోంది, ఆయాసపడుతూ కిందికి దిగుతోంది, మళ్ళీ లేస్తోంది. షెడ్డు రేకులు గజగజలాడుతున్నాయి. మెకానిక్ కిటికీలోంచి చెయ్యి దూర్చి తాళం తిప్పేశాడు.

"పేలదమ్మా," అన్నాడు, మోచేత్తో చెమట తుడుచుకుంటూ. "ఎక్కడో దొంగగాలి పీలుస్తోంది. పట్టుకుంటా."

"తొందరగా పట్టుకో మేస్త్రీ. లోపల రొట్టెలు చల్లారిపోతున్నాయి."

వ్యాను పాత కార్బురేటరు అరిగిపోయింది. ఆ రకం ఇప్పుడెక్కడా దొరకదు. మేస్త్రీ వేరే బండిది తెచ్చాడు. దాని మూతి పెద్దది, బోల్టుల దూరం వేరు. అందుకని గాలినీ పెట్రోలునీ ఇంజనులోకి మోసుకెళ్ళే మానిఫోల్డునే దానికి తగ్గట్టు మార్చారు. పాత బోల్టు కన్నాలను మేస్త్రీ బావమరిది వెల్డింగుతో పూడ్చాడు. కార్బురేటరుకీ మానిఫోల్డుకీ మధ్య వేసే ప్యాకింగును భార్య అట్టలోంచి కత్తిరించింది. కొత్త కన్నాలు వేసి, మానిఫోల్డు మూతికి ఆకురాయి పట్టి వెడల్పు చేసినవాడు మేస్త్రీ. ముగ్గురి చేతి పని. ఎవరో ఒకరి దగ్గర గాలి దూరుతోంది.

"నా ప్యాకింగు జోలికి మాత్రం రాకండి," అంది భార్య, ఎవరూ అడక్కముందే.

"నిన్నెవరన్నారు? వెల్డింగులో బుడగ ఉండుంటుంది. మీ తమ్ముడు పని చేస్తూ పాటలు పాడతాడుగా."

బావమరిది ముసుగు పైకెత్తాడు. "బావా, ఇంకోసారి అను."

"అంటా. బుడగ."

"సరే."

ఎప్పుడూ ఇంతెత్తున ఎగిరేవాడు అంత చల్లగా సరే అనేసరికి అక్క చేతిలో కత్తెర ఆగిపోయింది. అతను గ్యాసు సిలిండరు దొర్లించుకుంటూ వెళ్ళి తోపుడుబండి మీదికెక్కించాడు.

"ఎదురు షెడ్డాయన ఎప్పట్నించో రమ్మంటున్నాడక్కా. అక్కడైతే తప్పు నాదైనప్పుడే తిడతారు."

మేస్త్రీ చెడ్డవాడు కాదు. పనిలో దిగితే 'ఇక చాలు' అనే మాట తెలియనివాడు, అంతే. ఇంట్లో కుర్చీ కుంటుతోందని కాళ్ళు అరగదీసి అరగదీసి పీట చేశాడు. తలుపు బిగుతుగా ఉందని చెక్కితే గొళ్ళెం అందకుండా పోయింది. ఇప్పుడా తలుపుకు ఇటుకే కాపలా. పెళ్ళికి ముందు మామగారి నీళ్ళ మోటారు బాగుచెయ్యడానికి వచ్చి, అది తిరగడం మొదలుపెట్టాక కూడా వారం పాటు దాన్ని నునుపు చేస్తూ కూర్చున్నాడు. "ఇక అరగడానికి ఇందులో ఏం మిగల్లేదు, పిల్లనిచ్చి పంపించేద్దాం," అన్నాడట మామగారు.

అక్క వెనకాలే వచ్చిన తమ్ముడు ఇంకెక్కడా పనిచెయ్యలేదు. ఒకే క్యారియర్లో తిన్నారు, ఒకే సబ్బుతో మడ్డి వదిలించుకున్నారు. బావ ఎక్కువ అరగదీసిన చోటల్లా బావమరిది కిక్కురుమనకుండా లోహం కరిగించి పూడ్చేవాడు. బయటికి మాత్రం ఆ షెడ్డుకి చేయి తిరిగిన మెకానిక్ ఒక్కడే.

"పోతే పోనీ," అని గొణిగి మేస్త్రీ మళ్ళీ తాళం తిప్పాడు. ఇంజను గీపెట్టింది. వేలితో గ్రీజు తీసి వెల్డింగు చేసిన చోటల్లా దట్టంగా పూశాడు. అక్కడే గాలి దూరుతుంటే ఇంజను తగ్గాలి. తగ్గలేదు. కార్బురేటరు చుట్టూ పూశాడు. ఊహూఁ. చివరికి మానిఫోల్డు మూతి కింద, కంటికి కనబడని వైపు వేలు పోనిచ్చాడు.

ఇంజను చప్పున తగ్గి, కడుపు నిండిన పిల్లిలా గురగురలాడింది. రెండు క్షణాలే. గ్రీజును లోపలికి మింగేసి మళ్ళీ అరుపు అందుకుంది.

ఆపేసి, కార్బురేటరు ఊడదీసి, టార్చి వేసి చూశాడు. వెల్డింగు రాయిలా ఉంది. ప్యాకింగు గీత గీసినట్టుంది. మూతి అంచు మాత్రం ఆ వైపు ప్యాకింగును కూడా దాటి అరిగిపోయింది. గోరుముక్కంత సందు. నున్నగా, అద్దంలా మెరుస్తున్న సందు.

ఎవరూ చూడలేదు. బావమరిది సిలిండరుకు తాడు బిగిస్తున్నాడు. పక్కనే బల్ల మీద సందులు పూడ్చే పేస్టు డబ్బా ఉంది. ఇంత పూస్తే నాలుగు రోజులు ఇట్టే లాగుతుంది. రొట్టెలు వెళ్ళిపోతాయి. మాట వెల్డింగు మీదే ఉండిపోతుంది. మేస్త్రీ మూత తీశాడు.

"దొరికిందా? వెల్డింగేనా?" అంది రొట్టెలావిడ.

తలూపితే సరిపోతుంది. భార్య అతని మొహంలోకే చూస్తోంది. తోపుడుబండి కిర్రుకిర్రుమంటూ గేటు దాటి రోడ్డెక్కింది. ఆ చప్పుడు దూరమవుతుంటే మేస్త్రీ చేతిలోని మూత పడేశాడు.

"ఒరేయ్! ఆగరా!" కార్బురేటరు చేత్తో పట్టుకునే పరుగెత్తాడు. "నీ పనిలో బుడగా లేదు, బొక్కా లేదు!"

బండి ఆగింది. బావమరిది వెనక్కి తిరగలేదు. "మరి తప్పెవరిది బావా?"

"లోపలికి రా, చెప్తా."

"నన్నన్నది గుట్టుగానా? ఊరంతా విన్నారు. గట్టిగా చెప్పు."

ఎదురు షెడ్డాయన స్పానరు పట్టుకుని బయటికొచ్చాడు. సైకిళ్ళవాళ్ళు ఆగారు. రొట్టెలావిడ గేటు దాకా వచ్చింది.

"చెప్పండి, పుణ్యముంటుంది," అంది భార్య, నవ్వు పెదవుల కింద బిగబట్టుకుని. "ఈ ఒక్క మాటనైనా నున్నగా చెయ్యకుండా చెప్పండి."

మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు.

"నాదిరా! మూతి అతిగా అరగదీశాను. దొంగగాలికి తలుపు తీసింది నేనే! నువ్వొచ్చి పూడిస్తే తప్ప ఈ బండి కదలదు. ఈ బండే కాదు, ఏ బండీ!"

రోడ్డు మీద చక్రం కిర్రుమంటూ ఇటు తిరిగింది.

షెడ్డులో, బల్ల మీద, పేస్టు డబ్బా మూత లేకుండా అలాగే ఉండిపోయింది.