ఒకే ఖాందాన్ మాటలు

పంతొమ్మిది వందల డెబ్బై ఒకటిలో, ఆ పొద్దున బొగ్గు బాయి ల్యాంపు గదిలో ల్యాంపులు అందిస్తున్న మొగిలి దగ్గర ఉన్న ఆస్తి ఇంతే: సగం ఊపిరి, మూడు ఇంగ్లీషు మాటలు. పదహారేళ్లు బాయిలో రాతికి గాలి డ్రిల్లు పట్టిన భుజాలు, ఇప్పుడు అలమారలోంచి ఒక్క ల్యాంపు తీసేసరికే ఆగుతున్నాయి.

"మొగిలన్నా, జల్ది ఇయ్యి! నువ్విచ్చేసరికి బాయిల బొగ్గు ఒడుస్తది" అన్నాడు కిటికీ అవతల ముత్యం.

"ఒడిస్తే నీ నడుముకే సుఖం రా" అన్నాడు మొగిలి, దగ్గు ఆపుకుంటూ.

ఆ ఇంగ్లీషు మాటలు అతనికి బెల్లం పొట్లంలో వచ్చాయి. పొట్లం విప్పితే నిఘంటువు పేజీ. వరుసగా అన్ని మాటలకూ మొదట అవే రెండక్షరాలు. ఒక మనిషి పిల్లల్లా ఉన్నాయని టైంకీపరు వామనరావుకు చూపించాడు.

"ఇవి గ్రీకు నుంచి వచ్చినవి మొగిలీ. మొదట ‘పీ’ రాస్తారు, పలకరు. గాలి, ఊపిరి, ఊపిరితిత్తులు, అన్నీ ఈ వంశమే. న్యుమాటిక్ అంటే గాలితో నడిచే నీ డ్రిల్లు. న్యుమోనియా తెలిసిందే. ఈ న్యుమోకోనియోసిస్ అంటే ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకోవడం."

"అయితే నా డ్రిల్లు, నా దగ్గు ఒక్క ఖాందానే గద సార్!"

అప్పటి నుంచి ల్యాంపులు తుడుస్తూ ఆ పొడుగు మాటను నోటికి అలవాటు చేశాడు. అవసరం పడే సరుకేనని అతనికి తెలుసు.

షిఫ్టు దిగాక దవాఖానకు పోయాడు. పనికి పనికిరాడని డాక్టరు రాయాల్సిన రోజు అది. కారణం బాయి అని రాస్తే పరిహారం అడిగే దారి ఉంటుంది. లేదంటే ఉత్త చేతులతో ఇంటికి. కొత్త డాక్టరు తలెత్తకుండానే రాస్తున్నాడు.

"బీడీల దగ్గు. ఇక వెళ్లు."

"నేను బీడీ ముట్టలె సార్."

"అందరూ అలాగే అంటారు."

మొగిలి బల్ల మీద నుంచి లేవలేదు. "న్యుమోకోనియోసిస్ అని రాయుండ్రి."

డాక్టరు కలం ఆగింది. "ఆ మాట నీకెవరు చెప్పారు?"

"న్యుమాటిక్ డ్రిల్లు నా చేతికిచ్చిండ్రు, తీసుకున్న. దాని తమ్ముణ్ణి నా రొమ్ముల వెట్టిండ్రు, మోస్తున్న. పేరు రాయనీకి మాత్రం గింత పిసినారితనమేంది సార్? రొమ్ము ఫోటో తియ్యుండ్రి. లేకుంటే నేను కదల."

వెనక వరుసలో ఉన్నవాళ్లు ఆలస్యమవుతోందని గొణిగారు. కాసేపటికి గొణుగుడు అతని పక్షానికి తిరిగింది. "తియ్యుండ్రి సార్, మాగ్గూడ తియ్యుండ్రి" అన్నారెవరో.

మధ్యాహ్నానికి తడి ఆరని ఎక్స్‌రేను డాక్టరు వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. మొదటి కాగితం చింపేసి, కొత్తది రాశాడు.

"మొదట్ల పీ వెట్టిండ్రా?"

"పెట్టాను."

"పలుకకున్నా ఫికర్ లేదు. ఉండాలె."

కాగితం ఆఫీసులో ఇచ్చి, రసీదు తీసుకుని, ఎక్స్‌రే చేతపట్టుకుని మొగిలి ఇంటికి నడిచాడు. గోడకు ఆనుకుని కూర్చొని "రాయించిన" అన్నాడు భార్యతో. సారవ్వ జొన్న గటక కలుపుకొని వచ్చేసరికి అతని తల పక్కకు వాలి ఉంది. దగ్గు లేదు.

పోయింది ఒక మనిషి. మిగిలింది, ఏ ఆఫీసూ కొట్టేయలేని ఒక మాట. ఆ నెలలో అదే మాట రాయించుకున్నవాళ్లు ఇంకా పదకొండు మంది.

ఇంట్లో మొగిలి ఫోటో ఒక్కటీ లేదు. సారవ్వ ఆ ఎక్స్‌రేనే కిటికీకి కట్టింది. పొద్దెక్కగానే అందులో తెల్లటి పక్కటెముకలు, వాటి మధ్య చుక్కలు చుక్కలుగా దుమ్ము, ఇంటి నేల మీద వెలుగై పడతాయి.