చదును చేసిన దిబ్బ

సముద్రానికీ వీధికీ మధ్య ఉన్న ఇసుక దిబ్బను ఎవరూ గోడగా చూడలేదు. కళ్ల ముందున్నదాని విలువ మనకెప్పుడు తెలిసింది గనక! వీధి చివర హోటలు నడిపే పెద్దాయనకైతే అది చూపుకు అడ్డం. గదుల్లోంచి సముద్రం కనబడాలని తన ముందున్న దిబ్బను యంత్రం పెట్టి చదును చేయించాడు. వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఆయన చెల్లెలు మాత్రం, "తలుపు తీసి పడుకున్నట్టుంది అన్నయ్యా," అంది. ఉరుము ఉరిమినా, కుక్కర్ కూత ఆలస్యమైనా ఆవిడ గుండె జారిపోతుందని ఇంటిల్లిపాదికీ తెలుసు. నవ్వి ఊరుకున్నారు.

ఆవిడ కూతురు తుఫాను హెచ్చరికల ఆఫీసులో పనిచేస్తుంది. అలలు ఎంత ఎత్తు లేస్తాయో, దిబ్బ ఎక్కడ కోసుకుపోతుందో, నీళ్లు ఎటు దాటతాయో కంప్యూటర్ చేత ముందే లెక్క కట్టిస్తుంది. తుఫాను బయలుదేరిందని తెలిసిన ఉదయం ఆ లెక్క చూపించే పటాన్ని ఇంట్లోనే తెరిచింది. అందులో ఎర్రగా ఉన్న చోట్లను ఖాళీ చేయిస్తారు. మామయ్య హోటలు పచ్చగా, క్షేమంగా ఉంది.

తల్లి భుజం మీదుగా తొంగి చూసింది. "ఇక్కడ దిబ్బ ఉన్నట్టు చూపిస్తుందేమిటే? మీ మామయ్య తీయించేశాడుగా. ఆ సంగతి దానికి చెప్పారా?"

కూతురు కొలతల తేదీ వెతికి చూసింది. కంప్యూటర్‌కు ఇచ్చిన కొలతలు దిబ్బ తీయకముందువి. వెంటనే మనుషుల్ని పంపి కొత్త కొలతలు తెప్పించి, లెక్క మళ్లీ కట్టించింది. ఈసారి హోటలుతో పాటు వెనకున్న ఇళ్లన్నీ ఎర్రబడ్డాయి.

మామయ్య కదలనన్నాడు. ఆయనను చూసి వీధీ కదల్లేదు. తల్లి పిరికితనాన్ని కూతురు యంత్రంలో పోసిందని పదిమందిలో ఎగతాళి చేశాడు. పిల్ల కోపం తెచ్చుకోలేదు.

"దాని పనే అది మామయ్యా. అమ్మలాగే రాబోయే చెడంతా ముందుగా ఊహిస్తుంది. ఎక్కడ వస్తుందో కూడా చెబుతుంది. నువ్వు రాకపోతే అమ్మా రాదట."

చెల్లెలు అప్పటికే సంచీ కింద పెట్టి ఆయన వరండాలో కూర్చుంది. సణుగుతూనే ఆయన లేచాడు. ఆయన లేస్తే వీధంతా లేచింది.

సముద్రం సరిగ్గా ఆ చదును మీదుగానే వచ్చింది. కింది గదుల్లో కిటికీల దాకా ఇసుక నిండింది. ఒక్క మనిషికీ గీత పడలేదు.

దిబ్బను తిరిగి పోసిన రోజున మొదటి తట్ట ఆయనే మోశాడు. మేనకోడల్ని ముందుకు పిలిచి అందరికీ చూపించాడు. చెల్లెలు కళ్లు తుడుచుకుంటూనే, పిల్ల గొడుగు లేకుండా ఎండలో నిలబడిందని కంగారు పడింది. ఎవరో నవ్వారు.

"నవ్వకండర్రా," అన్నాడాయన. "భయం ముందే పడితే ఊరు మిగులుతుంది. తర్వాత పడితే ఏడుపే మిగులుతుంది."